బల్ల వేసినవాడి వాటా (పందేల చరిత్ర: 9వ భాగం)

2023 డిసెంబర్ 1న నవా రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో భారత్ ఆస్ట్రేలియాను 20 పరుగుల తేడాతో ఓడించి టీ20 సిరీస్‌ను చేజిక్కించుకుంది. ఆ రోజు మన ఆటగాళ్ల చొక్కాల మీద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు, నిజ ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టించి పోటీ పెట్టే ఫాంటసీ క్రికెట్ సంస్థ డ్రీమ్11ది. అదే సమయంలో, దగ్గర్లోనే ఉన్న రాయ్‌పూర్ నగరంలో, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) కేసులు విచారించే ప్రత్యేక న్యాయస్థానంలో మహాదేవ్ బుక్ అనే బెట్టింగ్ యాప్ వ్యవహారం నడుస్తోంది. మొదటిది దేశపు జట్టు చొక్కా మీదికెక్కిన సంస్థ. రెండోదాని యజమానులు అప్పట్లో దుబాయ్‌లో ఉండేవారు. రెండూ వచ్చి చేరింది మాత్రం ఒకే కుర్రాడి ఫోన్‌లోకి, ఒకే క్రికెట్ మ్యాచ్ మీద.

ఆ నవా రాయ్‌పూర్‌లోనే, ఉపర్‌వారాలో, 2003లో ఏర్పడిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి పెట్టిన పేరు జస్టిస్ ఎం. హిదాయతుల్లాది. రాయ్‌పూర్ ప్రభుత్వ పాఠశాలలో చదువుకుని, నాగపూర్, కేంబ్రిడ్జిల మీదుగా సుప్రీంకోర్టుకు చేరిన మనిషి ఆయన. ప్రధాన న్యాయమూర్తిగా, తాత్కాలిక రాష్ట్రపతిగా, ఉప రాష్ట్రపతిగా పనిచేశారు. ఈ దేశంలో ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలన్నీ, తర్వాత ఫాంటసీ క్రికెట్ కంపెనీలన్నీ ఏ తీర్పును తమ రక్షణ కవచంగా చూపించుకున్నాయో దాన్ని రాసింది ఆయనే. ఆ తీర్పు పుట్టింది మన సికిందరాబాద్‌లో. రాయ్‌పూర్ బడిలో అక్షరాలు దిద్దిన చెయ్యి సికిందరాబాద్ పేకాట మీద రాసిన ఆ కొన్ని పేజీల్లో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి దేశమంతా మోగింది. రెండోదాన్ని దాదాపు అందరూ వదిలేశారు. ఈ భాగమంతా ఆ రెండో మాట గురించే.

గత భాగంలో 1867 నాటి జూద నిషేధ చట్టాన్ని చూశాం. రాయ్‌పూర్ భాగంగా ఉన్న అప్పటి మధ్య పరగణాలను కూడా ఉద్దేశించి చేసిన చట్టం అది. జూదపు అడ్డా నడిపితే శిక్ష, అడ్డాలో దొరికితే శిక్ష. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు మాత్రం ఆ చట్టం వర్తించదని పన్నెండో సెక్షన్ చెప్పింది. నిజాం రాజ్యంలో 1305 ఫసలీ నాటి హైదరాబాద్ జూద చట్టంలోనూ ఇలాంటి మినహాయింపే ఉంది. తర్వాత కథంతా ఆ చిన్న సందులోంచే నడిచింది.

1963 మేలో సికిందరాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కె. సత్యనారాయణ, మరికొందరి మీద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబర్ 22న హిదాయతుల్లా తీర్పు చెప్పారు. మూడు ముక్కలాట లాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదన్నారు. ఏ ముక్కలు పడిపోయాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా ఇది నైపుణ్యంతో ఆడే ఆట అన్నారు. పదమూడు ముక్కలు చేతిలో పట్టుకున్న ఏ తెలుగువాడికైనా ఇందులో సందేహం ఉండదు. ప్రభుత్వం ఓడిపోయింది. మొదటి మాట ఇది.

రెండో మాట ఏమిటంటే, డబ్బు పెట్టి ఆడే రమ్మీ నుంచి గానీ మరో ఆట నుంచి గానీ ఆ ఇంటి యజమానో క్లబ్బో లాభం గుంజుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం నిరూపించవచ్చు. ఈ క్లబ్బు ఆటగాళ్ల దగ్గర కొంత రుసుము తీసుకునేది. దాన్నీ హిదాయతుల్లా విడిగా పరిశీలించారు. పేరున్న ఇతర క్లబ్బులు తీసుకునే దానితో పోల్చి, అది మితిమీరినది కాదని, గది నిర్వహణకు తీసుకునే రుసుము లాంటిదేనని అన్నారు. అంటే ఆయన రెండు ప్రశ్నలు వేశారు. ఆట ఎలాంటిది? బల్ల వేసినవాడు ఏం తింటున్నాడు? మొదటి ప్రశ్నకు జవాబు ఆటను బట్టి ఉంటుంది, రెండోదానికి లెక్కల పుస్తకాన్ని బట్టి. ఆ తర్వాత అర్ధ శతాబ్దం మన కోర్టులు, లాయర్లు, పత్రికలు మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగాయి. వ్యాపారం మొత్తం రెండో ప్రశ్నలోనే పెరిగింది.

ఆ వ్యాపారం రూపం తీసుకున్నది ఆన్‌లైన్ పోకర్‌లో. పోకర్‌లో ఆటగాడు తలపడేది తోటి ఆటగాడితోనే. సంస్థ పందెం కాయదు, కాబట్టి నష్టపోదు. ప్రతి ఆటలోనూ బల్ల మధ్యలో చేరిన సొమ్ములోంచి కొంత శాతం కోసుకుంటుంది. పోకర్‌లో దాన్ని రేక్ అంటారు, ఛత్తీస్‌గఢ్ జూదపు అడ్డాల్లో నాల్ అంటారు. టోర్నమెంటు అయితే ప్రవేశ రుసుము మీద అదనంగా కొంత. క్యాసినో యజమాని గెలిస్తేనే బతుకుతాడు. పోకర్ గది యజమానికి ఎవరు గెలిచినా ఒకటే, ఆట ఆగకపోతే చాలు. అందుకే అతను తాను జూదగాడిని కాదని నిజాయితీగా నమ్మగలడు. ఆ మాట కోర్టులోనూ చెప్పగలడు.

ఇందులోంచి మరికొన్ని అవసరాలు పుడతాయి. బల్ల దగ్గర ఎప్పుడూ మనుషులు ఉండాలి, లేకపోతే కోత లేదు. అందుకని కొత్తవాళ్లను తెచ్చిన ఏజెంట్లకు కమిషన్, మొదటిసారి డబ్బు వేస్తే బోనస్, ఉచిత ప్రవేశపు టోర్నమెంట్లు, ఎక్కువ ఆడేవాళ్లకు వాళ్ల కోతలోంచే కొంత వెనక్కి. గెలిచేవాళ్లు కొద్దిమంది, ఓడేవాళ్లు చాలామంది కాబట్టి, ఓడి వెళ్లిపోయేవాళ్ల స్థానంలో నిత్యం కొత్తవాళ్లు రావాలి. ప్రకటనల ఖర్చు ఈ వ్యాపారానికి ప్రాణం.

ఈ యంత్రానికి పెద్ద వర్క్‌షాపుల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉండేది. 2001లో మొదలైన పార్టీపోకర్‌కు సాఫ్ట్‌వేర్ మెదడు ఢిల్లీ ఐఐటీలో చదివిన అనురాగ్ దీక్షిత్. దాని మాతృసంస్థ పార్టీగేమింగ్ జిబ్రాల్టర్ నుంచి నడిచేది. హైదరాబాద్‌లోని ఐవీ కాంప్‌టెక్‌లో మనవాళ్లు దాని సాఫ్ట్‌వేర్ పనులు, వినియోగదారుల సేవలు చూసేవారు. అంటే అమెరికాలో ఎవరో రాత్రంతా పోకర్ ఆడి డబ్బు విషయంలో ఫిర్యాదు చేస్తే, జవాబిచ్చేవాళ్లలో హైదరాబాదీలు ఉండేవారు. 2005 జూన్‌లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఆ సంస్థ షేర్లు అమ్మకానికి వచ్చినప్పుడు దాని విలువ సుమారు 460 కోట్ల పౌండ్లు. ఆదాయంలో అత్యధిక భాగం అమెరికా నుంచే.

2006 అక్టోబర్ 13న అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన చట్టం అక్రమ ఇంటర్నెట్ జూదానికి డబ్బు చేరే దారులను మూసేసింది. పార్టీగేమింగ్ అమెరికాను వదిలి వెళ్లిపోయింది, దాని షేరు విలువ ఒక్క రోజులో సగానికి పైగా పోయింది. రెండేళ్ల తర్వాత దీక్షిత్ న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకుని 30 కోట్ల డాలర్లు అప్పగించడానికి అంగీకరించాడు. ఆ చట్టంలోనే ఒక మినహాయింపు కూడా ఉంది. ఫాంటసీ క్రీడలు జూదం కిందికి రావు. బహుమతి ముందే ప్రకటించాలి, ఫలితం ఆటగాళ్ల జ్ఞానాన్నీ నైపుణ్యాన్నీ చూపాలి, ఒక్క జట్టు స్కోరు మీదో ఒక్క ఆటగాడి ప్రదర్శన మీదో ఆధారపడకూడదు. అంతే షరతులు.

ఆ మినహాయింపు రాసినవాళ్ల కళ్ల ముందున్నది వేరే ఆట. 1980లో న్యూయార్క్‌లో రచయిత డేనియల్ ఓక్రెంట్, అతని స్నేహితులు ఒక రెస్టారెంటులో కూర్చుని మొదలుపెట్టిన బేస్‌బాల్ ఆట అది. సీజను మొదట్లో జట్టు కట్టుకుంటారు, నెలల తరబడి లెక్కలు రాసుకుంటారు, చివర్లో ఒకరు గెలుస్తారు. స్నేహితుల మధ్య వాదనలకు అది సాకు. ఇందులో పెద్ద వ్యాపారం లేదు. డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతులు మారుతుంది, కోయడానికి కూడా ఒక్కసారే వీలు.

పోకర్ ఎరిగినవాళ్లకు ఇక్కడే దారి కనిపించింది. సీజనును ఒక్క రోజుకు కుదిస్తే సరి. 2009లో ఎడిన్‌బరోలో మొదలైన ఫాన్‌డ్యూయెల్, 2012లో బోస్టన్‌లో మొదలైన డ్రాఫ్ట్‌కింగ్స్ ఈ దారిలో పెద్దవయ్యాయి. ఉదయం జట్టు, రాత్రికి ఫలితం, మర్నాడు మళ్లీ. పోకర్ గదిలో ఉన్నవన్నీ పేర్లతో సహా ఇక్కడికి వచ్చాయి: పోటీలు వరుసగా కనిపించే లాబీ, ఇద్దరి మధ్య ముఖాముఖి, హామీ ఇచ్చిన ప్రైజ్ పూల్, పెద్ద పోటీకి దారితీసే చిన్న అర్హత పోటీలు, ఉచిత ప్రవేశాలు, డిపాజిట్ బోనస్, అన్నింటి మీదా కోత. 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం మిగిలిన పెద్ద పోకర్ సైట్లను మూయించాక, అక్కడ బతికిన వృత్తి ఆటగాళ్లు చాలామంది ఈ వైపు మళ్లారు. ఫలితం 2015లో తేలింది. ఆ ఏడాది బేస్‌బాల్ సీజను మొదటి సగాన్ని మెకిన్సీ విశ్లేషకులు పరిశీలిస్తే, ఆటగాళ్లకు వచ్చిన లాభాల్లో 91 శాతం కేవలం 1.3 శాతం మంది చేతుల్లోకి వెళ్లింది. నైపుణ్యపు ఆట అనే వాదన అబద్ధం కాదని ఈ లెక్కే రుజువు చేస్తుంది. నైపుణ్యం ఉన్నవాడు లేనివాడిని రోజూ దోచుకోగల ఆట అని కూడా ఇదే చెబుతుంది. ఈ రెండో సంగతిని ప్రకటనల్లో ఎవరూ చూపించరు.

కోత ఎలా పనిచేస్తుందో ఒక చిన్న లెక్క వేద్దాం. వందమంది తలా యాభై రూపాయలు వేశారు, అయిదు వేలు పోగయ్యాయి. సంస్థ 15 శాతం ఉంచుకుందనుకుందాం. 4,250 రూపాయలు బహుమతులుగా వెళ్తాయి. చూడటానికి పెద్ద విషయం కాదు. ఆ బహుమతి సొమ్మే మర్నాడు మళ్లీ పోటీలోకి వస్తే, మళ్లీ 15 శాతం. పది మ్యాచ్‌లు తిరిగేసరికి ఆటగాళ్లందరి దగ్గరా కలిపి మిగిలేది వెయ్యి రూపాయలు కూడా ఉండదు, 984 మాత్రమే. ఎవరు ఎంత తెలివిగా జట్టు కట్టినా ఈ మొత్తం మారదు. ఐపీఎల్ సీజనులో పది మ్యాచ్‌లు అంటే పది రోజులు కూడా పట్టదు. సీజనును రోజుకు కుదించడంలో ఉన్న శక్తి అంతా ఇదే.

మన దేశంలో డ్రీమ్11ను 2008లో హర్ష్ జైన్, భవిత్ సేఠ్ ప్రారంభించారు. మొదట్లో నిదానంగా నడిచిన ఆ సంస్థ 2012 ప్రాంతంలో ఒక్కో మ్యాచ్‌కు డబ్బు కట్టి ఆడే పద్ధతికి మారాక ఊపందుకుంది. వంద క్రెడిట్లతో పదకొండు మందిని ఎంచుకోవాల్సి ఉండేది. కెప్టెన్‌కు రెట్టింపు పాయింట్లు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. అందులో 50 వేల రూపాయలు పోగొట్టుకున్న ఒక ఆటగాడు ఇది జూదమంటూ పంజాబ్, హరియాణా హైకోర్టుకు వెళ్లాడు. జట్టు ఎంపికకు చాలా తెలివి కావాలని, కాబట్టి జూదం కాదని 2017 ఏప్రిల్‌లో ఆ కోర్టు తేల్చింది. తీర్పు నిలబడిన పునాదుల్లో సికిందరాబాద్ రమ్మీ కేసు ఒకటి. 2020లో డ్రీమ్11 ఒక సీజనుకు 222 కోట్ల రూపాయలకు ఐపీఎల్ టైటిల్ హక్కులు కొంది. 2023లో 358 కోట్లకు జట్టు చొక్కా.

హిదాయతుల్లా రెండో మాటను ఎవరూ తలచుకోలేదని అనడం మాత్రం న్యాయం కాదు. 2012లో ఢిల్లీలోని ఒక జిల్లా కోర్టు సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. ఆటగాళ్ల సొమ్ములోంచి వెబ్‌సైటు వాటా తీసుకుంటే అది జూదపు ఇల్లు నడపడంతో సమానమవుతుందని చెప్పింది. ఆ కేసు వేసింది గాసియన్ నెట్‌వర్క్ అనే ఆన్‌లైన్ ఆటల సంస్థే, అదీ స్పష్టత కోరుతూ. ఆ దారి మీద పెద్ద కోర్టులు గట్టిగా నడిచి ఉంటే తర్వాతి పదేళ్ల చరిత్ర వేరుగా ఉండేదని నా నమ్మకం.

తెలుగు నేల మీద ఈ కథ విచిత్రమైన మలుపు తీసుకుంది. ఏస్2త్రీ అనే ఆన్‌లైన్ రమ్మీ సంస్థ, ఇప్పటి ఏ23, పుట్టింది హైదరాబాద్‌లోనే. రమ్మీలో కోత రుచి చూసిన సంస్థలు పోకర్‌కూ ఫాంటసీకీ విస్తరించాయి. రమ్మీసర్కిల్ నడిపే సంస్థే మై11సర్కిల్ తెచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సులు తెచ్చి, నైపుణ్యమైనా కాకపోయినా డబ్బు పెట్టి ఆడకూడదంది. 2020 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే పని చేసింది. కంపెనీ హైదరాబాద్‌లో, ఆడేవాళ్లు వేరే రాష్ట్రాల్లో. ఆ రోజుల్లో విజయనగరంలో ఉన్న కుర్రాడికి ఫోన్ ఈ పోటీలను తెరిచేది కాదు. అదే కుర్రాడు రైలెక్కి రాయ్‌పూర్‌లో మేనమామ ఇంటికి వెళ్తే తెరిచేది. విజయనగరం రైలుమార్గం వెంట తరాలుగా రైల్వే ఉద్యోగాలకు, భిలాయ్ ఉక్కు కర్మాగారానికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల మధ్య ఈ తేడా ఊహ కాదు. సుక్మా జిల్లా కుంట దగ్గర సరిహద్దు దాటినా ఇదే మార్పు.

భిలాయ్ పేరు రాగానే మహాదేవ్ దగ్గరికి రావాలి. భిలాయ్‌లో జ్యూస్ దుకాణం నడిపిన సౌరభ్ చంద్రాకర్, అతని భాగస్వామి రవి ఉప్పల్ దుబాయ్ నుంచి దీన్ని నడిపించారన్నది ఈడీ ఆరోపణ. వాట్సాప్ నంబరుకు సందేశం పంపితే ఐడీ ఇస్తారు. డబ్బు ఎవరి పేరుమీదో ఉన్న బ్యాంకు ఖాతాలోకి వెళ్తుంది. ఊరూరా ప్యానెళ్లు, లాభాన్ని 70, 30గా పంచుకునే ఏర్పాటు. క్రికెట్‌తో పాటు పోకర్, పేక ఆటలూ ఉన్నాయి. 2023 సెప్టెంబర్‌లో 417 కోట్ల రూపాయల సొత్తును స్వాధీనం చేసుకున్నామనీ స్తంభింపజేశామనీ ఈడీ ప్రకటించింది. నవంబర్ 5న కేంద్రం నిషేధించిన 22 యాప్‌లు, సైట్లలో మహాదేవ్ బుక్ ఒకటైతే, పేర్కొన్న మరొకటి రెడ్డిఅన్నప్రెస్టోప్రో.  అప్పటికి ఛత్తీస్‌గఢ్‌లో ఎన్నికలు ముంచుకొచ్చాయి, కేసు రాజకీయాల్లో పడింది. సీబీఐ చేతికీ వెళ్లింది. ఆరోపణలు కోర్టుల్లో తేలాల్సి ఉంది.

రెండింటినీ ఒకే గాటన కట్టడం చరిత్రకారుడికి తగదు. మహాదేవ్‌లో ఆటగాడి ఎదురుగా ఉన్నది బుకీ. అతను ఓడితే బుకీ గెలుస్తాడు, రుసుము అనే ముసుగు కూడా లేదు. ఫాంటసీ సంస్థలు పన్ను కట్టాయి, లెక్కలు చూపాయి, గెలిచినవాడికి డబ్బు ఇచ్చాయి. కానీ మ్యాచ్ చూడటమంటే ఫోన్‌లో డబ్బు పెట్టడమే అన్న అలవాటును చొక్కా మీద, టీవీలో, ఆటగాళ్ల నోటితో ఇంటింటికీ చేర్చింది పోకర్ నమూనాయే. ఆ అలవాటున్న చేతికి వాట్సాప్ నంబరు అందించడం మహాదేవ్ లాంటివాళ్లకు తేలికైంది. నా అభియోగం ఇదే. ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 జనవరిలో ఆన్‌లైన్ జూదాన్ని పేరుపెట్టి నిషేధించే చట్టం చేసింది. 1867 నాటి చట్టం కాలం అక్కడితో ముగిసింది.

ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి ఆటగాడు వేసే డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. బల్ల మీద ఇద్దరు కోసేవాళ్లయ్యారు. 2025 ఆగస్టులో పార్లమెంటు మూడు రోజుల్లో పని ముగించింది: 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. డ్రీమ్11 నగదు పోటీలను ఆపేసింది, చొక్కా ఒప్పందం రద్దయింది. ఈ చట్టాన్ని కర్ణాటక హైకోర్టులో మొట్టమొదట సవాలు చేసింది ఏ23 నడిపే హైదరాబాద్ సంస్థే. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి పిటిషన్లన్నింటినీ తన దగ్గరికి తెప్పించుకుంది.

ఆ పిటిషన్లలో వాదన మళ్లీ నైపుణ్యం గురించే. కొత్త చట్టంలో ఉన్న మరో గీతను మాత్రం గమనించండి. గెలుపు సొమ్ము లేకుండా, పందెంగా కాకుండా, ఆట ఆడుకోవడానికి చందా గానీ ప్రవేశ రుసుము గానీ తీసుకునే సోషల్ గేములకు ఇందులో అనుమతి ఉంది. రుసుము తీసుకోవచ్చు, పందెంలోంచి కోయకూడదు. సికిందరాబాద్ క్లబ్బు లెక్కల పుస్తకం చూస్తూ 1967లో హిదాయతుల్లా గీసిన గీతకు చాలా దగ్గరగా ఉన్న గీత ఇది.

(వచ్చే సంచికలో: గుర్రప్పందెం నైపుణ్యమేనని 1996లో సుప్రీంకోర్టు ఎందుకు అంది?)